ముప్పై మిల్లీలీటర్ల పనితనం

ఊబకాయం తగ్గించడానికి చేసే ఆపరేషన్లలో ఒకటి చాలామందిలో ఛాతీ మంటను ఆర్పేస్తుంది. మరొకటి ఇంచుమించు అంతే బరువు తగ్గిస్తుంది గానీ, కొందరిలో అంతకుముందు లేని మంటను కొత్తగా రాజేస్తుంది. రెండూ చేసేది ఆ జీర్ణాశయం మీదే, ఆ పరికరాలతోనే, చాలాసార్లు ఆ సర్జనే. తేడా ఎక్కడ వస్తోందంటే, కోత ఏ గీత మీదుగా నడిచింది, పేగును ఎక్కడి నుంచి తెచ్చి ఎక్కడ కలిపారు అన్న దగ్గర. బరువు తగ్గితే ఎసిడిటీ తగ్గుతుందని అందరం విన్నదే, అది నిజం కూడా. కానీ బరువు ఏ దారిన తగ్గిందన్నదీ అంతే ముఖ్యమని ఈ రెండు ఆపరేషన్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

మంటను ఆర్పే ఆ మొదటి ఆపరేషన్ పేరు రూ-ఆన్-వై గ్యాస్ట్రిక్ బైపాస్. గుండెకు చేసే బైపాస్‌తో దీనికి సంబంధం లేదు. చేతులు మారుతూ, లోపాలు దిద్దుకుంటూ ఆరు దశాబ్దాలుగా ఎదిగిన పని ఇది. దీన్ని వరసగా, దగ్గరగా చూడటం మొదలుపెడితే శరీరం కట్టుబడినీ, దాన్ని సవరించిన మనిషి చేతినీ రెంటినీ మెచ్చుకోకుండా ఉండలేం.

పుట్టుకతో వచ్చిన కవాటం

పని గొప్పతనం తెలియాలంటే ముందు పని జరిగే చోటు తెలియాలి. అన్నవాహిక ఛాతీలోంచి దిగి, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉన్న డయాఫ్రం అనే కండరపు పొరలోని కంత గుండా వచ్చి జీర్ణాశయంలో కలుస్తుంది. కింద ఉన్న ఆమ్లం పైకి ఎగదన్నకుండా అక్కడ మూడు ఏర్పాట్లున్నాయి.

మొదటిది, అన్నవాహిక చివర మూడు నాలుగు సెంటీమీటర్ల మేర ఉండే బిగువు కండరం. మామూలు వేళల్లో అది 10 నుంచి 30 మిల్లీమీటర్ల పాదరస పీడనంతో మూసుకుని ఉంటుంది. ముద్ద మింగినప్పుడు కొన్ని సెకన్లు సడలి, ముద్దను దింపి, మళ్లీ బిగుస్తుంది. రెండోది డయాఫ్రం కంత చుట్టూ ఉన్న కండరపు పట్టీలు. ఊపిరి పీల్చినప్పుడు, దగ్గినప్పుడు, బిందె ఎత్తినప్పుడు ఇవి గట్టిగా పట్టేస్తాయి. పొట్టలో ఒత్తిడి పెరిగేదీ సరిగ్గా ఆ క్షణాల్లోనే. అవసరం వచ్చిన వేళకే బలం వచ్చేలా ఉన్న అమరిక అది.

మూడోది అన్నిటికంటే సొగసైనది. అన్నవాహిక జీర్ణాశయం నడినెత్తిన నిలువుగా దిగదు, పక్కవాటుగా వచ్చి చేరుతుంది. చేరిన చోటికి ఎడమపక్కన జీర్ణాశయం పైభాగం ఉబ్బెత్తుగా పైకి లేచి ఉంటుంది. దాన్ని ఫండస్ అంటారు. అన్నవాహికకూ ఫండస్‌కూ మధ్య పడే సన్నని మూలను హిస్ కోణం అంటారు. భోజనంతో ఫండస్ నిండి సాగేకొద్దీ ఆ మూలలోని మడత అన్నవాహిక నోటి మీదికి ఒరుగుతుంది. అంటే జీర్ణాశయం నిండటమే దాని మూత వేస్తుంది. ఈ కోణం చెదరకుండా పట్టి ఉంచేవి జీర్ణాశయం గోడలో ఏటవాలుగా చుట్టిపోయే కండరపు పోగులు. వీటిని గుర్తుంచుకోవాలి, స్లీవ్ ఆపరేషన్ దగ్గర మళ్లీ వీటి అవసరం పడుతుంది.

బరువు చేసే చెరుపు

పొట్ట లోపల, పేగుల మధ్య కొవ్వు పేరుకునేకొద్దీ ఈ మూడు ఏర్పాట్ల మీదా భారం పడుతుంది. పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది, ఛాతీలో అంతగా పెరగదు. ఆ తేడాయే ఆమ్లాన్ని పైకి తోసే బలం. ఒకే చోట ఉండి ఒకదానికొకటి తోడు పడాల్సిన బిగువు కండరమూ, డయాఫ్రం పట్టీలూ మెల్లగా ఎడమవుతాయి. జీర్ణాశయం పైభాగం కొంత ఛాతీలోకి జారుతుంది, హయాటస్ హెర్నియా అనేది దీన్నే. పైగా స్థూలకాయుల్లో భోజనం తర్వాత, ఏమీ మింగకపోయినా బిగువు కండరం ఉట్టినే సడలిపోవడం ఎక్కువవుతుంది.

రాత్రి పొద్దుపోయి భోంచేసి వెంటనే నడుం వాల్చే అలవాటున్న మన ఇళ్లలో దీని ఫలితం తెలియనిది కాదు. పుల్లతేన్పులు, గొంతు దాకా వచ్చే చేదు, ఛాతీ ఎముక వెనక మంట, పొద్దున లేచేసరికి బొంగురుపోయిన గొంతు. అన్నిటికీ కలిపి గ్యాస్ అనేస్తాం. మందుల షాపులో పాంటోప్రజోల్ షీటు కొనుక్కుని పరగడుపున ఒకటి వేసుకుంటాం. అది మంచి మందు. ఆమ్లం ఊరడాన్ని బాగా తగ్గిస్తుంది, అన్నవాహికలో పడిన పుండ్లను మాన్పుతుంది. కానీ కవాటాన్ని అది ముట్టుకోదు. పైకి వచ్చేది వస్తూనే ఉంటుంది, పులుపు తగ్గి వస్తుందంతే.

బరువు తగ్గించడం మాత్రం మూలంలోకి పోతుంది. అమెరికాలో నర్సుల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనిస్తున్న పెద్ద అధ్యయనం నుంచి 2006లో వచ్చిన పత్రం ఒక ముఖ్యమైన సంగతి చెప్పింది. బీఎంఐ 3.5 కంటే ఎక్కువ పెరిగిన స్త్రీలలో తరచూ మంట రావడం బాగా ఎక్కువైంది. మొదట మామూలు బరువున్న వాళ్లలో కూడా ఇదే కనిపించింది. అయిదడుగుల రెండంగుళాల మనిషికి 3.5 అంటే సుమారు 9 కిలోలు. పెళ్లప్పటి బరువుకూ నలభై అయిదో ఏటి బరువుకూ మధ్య అంత తేడా మన ఇళ్లలో చాలామందికి ఉంటుంది. నార్వేలో ఒక జిల్లా జనాభా మీద జరిగిన అధ్యయనం ఇదే లెక్కను వెనక్కి తిప్పి చూపింది. బీఎంఐ 3.5కు మించి తగ్గినవారిలో మంట పోవడం ఎక్కువగా కనబడింది. అమెరికాలో 332 మందికి ఆహారం, వ్యాయామం, అలవాట్ల మార్పుతో బరువు తగ్గించి చూసిన పరిశోధన 2013లో వచ్చింది. మొదట 37 శాతం మందికి రిఫ్లక్స్ లక్షణాలుండగా, ఆరు నెలలకు 15 శాతానికి దిగాయి.

కాబట్టి కత్తి అవసరం లేకుండానే చాలామందికి ఈ మేలు దొరుకుతుంది. అంతటి బరువు అలా దిగని వాళ్లు, దిగినా నిలబడని వాళ్లు ఉంటారు. సర్జన్ చేతిపని అవసరమయ్యేది వాళ్లకు.

ముగ్గురు నలుగురి చేతుల మీదుగా

ఈ ఆపరేషన్ ఒక గమనింపుతో పుట్టింది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ ఉండేవారు. పెప్టిక్ అల్సర్ కోసం జీర్ణాశయంలో కొంత భాగం తీసేసిన స్త్రీలు ఆ తర్వాత ఎంతకీ ఒళ్లు చేయకపోవడం ఆయన దృష్టిలో పడింది. రోగానికి చేసిన చికిత్సలో దుష్ఫలితంగా కనిపించినదాన్ని మరో రోగానికి మందుగా వాడవచ్చా అన్న ఆలోచన అక్కడ మొదలైంది. 1966లో చికాషి ఇటోతో కలిసి ఆయన మొదటి గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. జీర్ణాశయం పైభాగాన్ని సంచిలా వేరు చేసి, చిన్నపేగులో ఒక మడతను పైకి తెచ్చి దానికి కలిపారు. బరువు తగ్గింది. కానీ ఆ మడతలోంచి పోయే పైత్యరసం, క్లోమరసం కొత్త అతుకును తాకుతూ పోయేవి. సంచిలోకీ, అన్నవాహికలోకీ పైత్యం ఎగదన్నే అవకాశం అలా మిగిలిపోయింది.

దానికి పరిష్కారం అప్పటికి సుమారు డెబ్బై ఏళ్ల క్రితమే స్విట్జర్లాండ్‌లో తయారై ఉంది. లోజాన్ నగరంలో సీజర్ రూ అనే సర్జన్ 1890ల్లో, జీర్ణాశయానికి పేగును కలిపేటప్పుడు పైత్యం వెనక్కి రాకుండా ఒక పద్ధతి వాడారు. పేగును మడత పెట్టి తేవడానికి బదులు దాన్ని రెండుగా కోసి, కింది కొసను పైకి తెచ్చి జీర్ణాశయానికి కలిపి, పై కొసను బాగా కింద ఆ పేగుకే పక్కన అతికారు. పైనుంచి అన్నం ఒక కొమ్మలో, పైత్యం ఇంకో కొమ్మలో దిగి, దిగువన ఒకే కాండంలో కలుస్తాయి. ఆ ఆకారం ఇంగ్లిష్ అక్షరం వై. ఊబకాయం ఆపరేషన్ అన్న మాటే లేని రోజుల్లో జరిగిన పని అది. 1977లో కెంటకీకి చెందిన వార్డ్ గ్రిఫెన్ దాన్ని తెచ్చి మేసన్ ఆపరేషన్‌కు జత చేశారు. 1990ల మొదట్లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో అలన్ విట్‌గ్రోవ్, వెస్లీ క్లార్క్ ఈ మొత్తం పనిని పొట్ట తెరవకుండా, చిన్న చిన్న రంధ్రాల గుండా ల్యాపరోస్కోపీ పద్ధతిలో చేసి చూపారు. మేసన్ అదంతా చూశారు. నూరేళ్లు బతికి 2020లో కన్నుమూశారు.

సంచి చేయడం

ఇప్పుడు ఆ పనిని దగ్గరగా చూద్దాం. ఆపరేషన్‌కు రెండు వారాల ముందు నుంచే రోగికి చాలా తక్కువ క్యాలరీల ఆహారం పెడతారు. కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం దాంతో కొంత కుంచించుకుంటుంది. జీర్ణాశయం పైభాగం ఉండేది దాని కిందే కాబట్టి చేతికి చోటు కావాలి. బల్ల మీద తల వైపు ఎత్తి పడుకోబెట్టి, పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి, అయిదారు రంధ్రాల గుండా కెమెరానూ పరికరాలనూ దించుతారు. కాలేయం ఎడమ తమ్మెను లోహపు కొక్కెంతో పైకెత్తి పడితే పని చేయాల్సిన చోటు బయటపడుతుంది.

జీర్ణాశయానికి కుడిపక్క పొట్టి వంపు, ఎడమపక్క పొడవాటి వంపు ఉంటాయి. కొత్త సంచిని పొట్టి వంపు మీదే చేయాలి. ఆ అంచు అంత తేలిగ్గా సాగదు, కాబట్టి చేసిన సంచి చేసినంతే ఉంటుంది. దానికి రక్తం తెచ్చే ఎడమ గ్యాస్ట్రిక్ ధమని అక్కడే ఉంది, కాబట్టి సంచి బతుకుతుంది. ఆమ్లం ఊరించే కణాలు ఎక్కువగా ఉండేది ఫండస్‌లో, జీర్ణాశయం నడిమి భాగంలో. అన్నవాహికను ఆనుకుని ఉన్న ఈ పై అంచులో అవి చాలా తక్కువ. మన విషయానికి కీలకమైనది ఈ చివరి సంగతే.

అన్నవాహిక కలిసే చోటి నుంచి దాదాపు 5 సెంటీమీటర్లు కిందికి కొలుచుకుని, పొట్టి వంపు వెంట ఉన్న కొవ్వులో జీర్ణాశయం గోడకు అంటిపెట్టుకుని చిన్న దారి చేస్తారు. గోడకు ఎడంగా పోతే ధమని కొమ్మలు తెగుతాయి. ఆ దారిలోంచి జీర్ణాశయం వెనక్కి చేరి స్టేప్లర్‌ను మొదట అడ్డంగా వేస్తారు. ఈ స్టేప్లర్ ఒక్క నొక్కుతో రెండు పనులు చేస్తుంది. దవడల మధ్య ఆరు వరసల సన్నని టైటానియం పిన్నులు దిగుతాయి, నడుమ కత్తి పరిగెత్తి గోడను కోస్తుంది. కోతకు ఇటు మూడు వరసలు, అటు మూడు వరసలు. ప్రతి పిన్నూ ఇంగ్లిష్ బి అక్షరంలా వంగి మూసుకుంటుంది. అలా వంగడం వల్ల గోడ గట్టిగా పట్టుబడుతుంది, సన్నని రక్తనాళాల్లో రక్తం మాత్రం ఆ బి కన్నాల్లోంచి పారుతూనే ఉంటుంది. పూర్తిగా నలిపేస్తే అంచు చచ్చిపోతుంది, వదులైతే కారుతుంది.

ఇక్కడ మంచి సర్జన్ చేసే ఒక చిన్న పని ఉంది. దవడలు మూశాక వెంటనే నొక్కరు. పది పదిహేను సెకన్లు ఆగుతారు. ఆ వ్యవధిలో గోడలోని నీరు పక్కలకు జరిగి మందం తగ్గుతుంది, పిన్ను ఆ చివరి దాకా పోయి సరిగ్గా వంగుతుంది. వీడియోలో చూసేవాళ్లకు ఏమీ జరగనట్టు కనిపించే ఆ కాసేపట్లోనే అతుకు మంచిచెడ్డలు తేలిపోతాయి.

అడ్డం కోత తర్వాత స్టేప్లర్ నిలువుగా తిరిగి హిస్ కోణం వైపు ఎక్కుతుంది. నోటి నుంచి దించిన గొట్టం ఒకటి లోపల ఉండి, సంచి వెడల్పు ఎంత ఉండాలో చూపిస్తుంటుంది. చివరి కాటు అన్నిటికంటే కష్టం. కుడికి జరిగితే అన్నవాహిక గోడలోకి పోతుంది, అక్కడ కారితే ప్రాణం మీదికి వస్తుంది. ఎడమకి జరిగితే ఫండస్ ముక్క సంచిలో ఉండిపోతుంది. ఆ ముక్క రోజులు గడిచేకొద్దీ సాగుతుంది, ఆమ్లం ఊరిస్తుంది, అతుకు దగ్గర పుండు పడుతుంది. అందుకే ముందుగా ఆ మూలలోని కొవ్వును తొలగించి, డయాఫ్రం ఎడమ పట్టీ కంటికి కనబడేదాకా శుభ్రం చేసుకుంటారు. అన్నవాహికకు సుమారు ఒక సెంటీమీటరు ఎడం వదిలి, ఫండస్ మొత్తం అవతలి వైపే ఉండేలా గీత గీస్తారు. హయాటస్ హెర్నియా ఉంటే దాన్ని అప్పుడే కిందికి లాగి కంతను కుట్టేస్తారు.

చేతికొచ్చిన సంచిలో దాదాపు 30 మిల్లీలీటర్లు పడతాయి, అంటే రెండు టేబుల్ స్పూన్లు. మిగతా జీర్ణాశయాన్ని తీసేయరు. అది ఉన్నచోటే ఉండి, ఆమ్లం ఊరిస్తూ, దాన్ని తన పాత దారినే కిందికి పంపుకుంటూ ఉంటుంది. అన్నవాహికతో దానికి ఇక సంబంధం లేదు.

పేగు తెచ్చి కలపడం

తర్వాత పని పొట్ట కిందిభాగానికి మారుతుంది. పెద్దపేగును పైకెత్తి, చిన్నపేగు వెనక గోడలోంచి బయటపడే చోటును పట్టుకుంటారు. అక్కడి నుంచి చేయి మార్చి చేయి పట్టుకుంటూ, లాగకుండా, సెంటీమీటర్లు లెక్కపెట్టుకుంటూ 50 దాకా నడిచి పేగును రెండుగా కోస్తారు. కింది కొస సంచి దగ్గరికి ఎక్కాలి. లాగితే వచ్చేలా ఉంటే అతుకు మీద బిగువు పడి విడిపోతుంది. అందుకని దారికి అడ్డంగా వేలాడే కొవ్వు తెరను నిలువునా చీల్చి, పేగు దానంతటది వచ్చి సంచికి ఆనుకునేలా చేస్తారు.

సంచికీ పేగుకూ మధ్య అతుకు నోరు ఒకటిన్నర సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. కొందరు స్టేప్లర్‌తో కలుపుతారు, కొందరు చేత్తో కుడతారు. చేతికుట్టు చూడటానికి ఎంతో బాగుంటుంది. వెనక గోడ కుట్టి, నోరు తెరిచి, లోపలి గొట్టాన్ని దాటించి, దాని మీదుగా ముందు గోడ మూస్తారు. కరిగిపోయే దారం, సమానమైన ఎడం, ప్రతి కుట్టుకూ ఒకే బిగువు. పొట్ట బయట పొడవాటి పరికరం పిడి, లోపల వేలి కణుపంత సూది, ఎదురుగా తెర. ఆ దూరం నుంచి ఇంత సమంగా కుట్టడానికి ఏళ్ల సాధన కావాలి.

అతికిన ఆ పేగు వెంట 100 నుంచి 150 సెంటీమీటర్లు కొలిచి, అక్కడ పైత్యం తెచ్చే కొసను పక్కన కలుపుతారు. ఈ దశలో ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. కోసిన కొసలు రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. పొరబాటున పైత్యం తెచ్చే కొసను సంచికి కలిపేస్తే పేగు ఒక వలయమైపోయి ఎటూ దారి ఉండదు. ఇలా జరిగిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి కూడా. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కలపబోయే ముందు ఇంకోసారి పేగు మొదటి దాకా వెనక్కి వెళ్లి సరిచూసుకుంటారు.

మంట ఎందుకు ఆరుతుందో ఇప్పుడు చెప్పడం సులువు. సంచిలో ఆమ్లం ఊరించే కణాలు చాలా తక్కువ. మిగతా జీర్ణాశయంలో ఊరిన ఆమ్లమూ, పైత్యమూ ఆహారంతో కలిసేది మీటరు కంటే కిందన. అంత దూరం ఎదురెక్కాలంటే పేగు కిందికి తోసే కదలికకు అడ్డం పడి రావాలి. సంచికి కింద, జీర్ణాశయం నుంచి పేగులోకి తెరుచుకునే కవాటం లేదు కాబట్టి అందులో ఒత్తిడి నిలవదు. నెలలు గడిచేకొద్దీ పొట్టలోని కొవ్వు కరిగి పైకి తోసే బలమూ తగ్గుతుంది. ఇందులో నాకు ఆశ్చర్యంగా తోచేది ఒకటుంది. స్టేప్లర్ గీత హిస్ కోణం దాకా ఎక్కింది కాబట్టి ఆ సహజమైన మూల ఇక్కడా చెదిరింది. ఈ ఆపరేషన్ కవాటాన్ని బాగుచేయలేదు. కవాటం మీద పడే పనినే తేలిక చేసింది.

ఎవరూ చూడని సందులు

చిన్నపేగును వెనక గోడకు పట్టి ఉంచే పొరను మెసెంటరీ అంటారు. దాని వేరు పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. అక్కడి నుంచి అది చీర కుచ్చిళ్లలా విచ్చుకుంటూ వచ్చి కొన్ని మీటర్ల పేగును అంచున మోస్తుంది. పేగును కోసి పైకి తెచ్చినప్పుడు ఈ పొరలో సందులు పడతాయి. ఒకటి కింది అతుకు దగ్గర. ఇంకొకటి పైకి తెచ్చిన పేగు వెనక, పెద్దపేగు పొరకు ఎదురుగా. ఈ రెండోదానికి పీటర్సన్ అనే జర్మన్ సర్జన్ పేరుంది.

ఆపరేషన్ రోజున ఈ సందులు కొవ్వుతో పూడి ఉంటాయి, ఏమీ కానట్టే ఉంటుంది. బరువు తగ్గాక ఆ కొవ్వూ కరుగుతుంది, సందులు వెడల్పవుతాయి. నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో పేగు వాటిలోకి దూరి మెలిపడవచ్చు. అంటే ఆపరేషన్ ఎంత బాగా పనిచేస్తే ఈ ప్రమాదానికి అంత చోటు. స్వీడన్‌లో 2507 మందిపై జరిగి 2016లో లాన్సెట్‌లో వచ్చిన ప్రయోగం, సందులు కుట్టినవారిలో పేగు మూసుకుపోయి మళ్లీ ఆపరేషన్ అవసరం కావడం మూడేళ్లలో 10.2 శాతం నుంచి 5.5 శాతానికి తగ్గిందని చూపింది. అదే ప్రయోగంలో కుట్టినవారిలో తొలి రోజుల చిక్కులు కొంచెం పెరిగాయి. కుట్టు బిగువెక్కితే కింది అతుకు మెలిక పడటం దానికి కారణం. కాబట్టి కుట్టాలి, కరగని దారంతో కుట్టాలి, పేగును వంచకుండా కుట్టాలి. అలసిపోయిన వేళ, ముఖ్యమైన పనంతా అయిపోయిందనిపించే వేళ చేయాల్సిన కుట్టు ఇది. పనివాడి నిజాయితీ తెలిసేది ఇక్కడే.

చివరికి లోపలికి గాలి గానీ నీలిరంగు నీళ్లు గానీ పంపి అతుకు కారడం లేదని చూసుకుని బయటికి వస్తారు.

పక్కన పెట్టి చూస్తే

ఇప్పుడు మొదట చెప్పిన రెండో ఆపరేషన్ దగ్గరికి వద్దాం. అది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఈనాడు ప్రపంచంలో ఎక్కువగా జరుగుతున్న బరువు ఆపరేషన్ ఇదే. జీర్ణాశయాన్ని పొడుగునా కోసి, నాలుగింట మూడొంతులకు పైగా తీసేసి, సన్నని గొట్టంలా మిగులుస్తారు. పేగును ముట్టుకోరు. చేయడం త్వరగా అవుతుంది, పొరలో సందులు పడవు, విటమిన్ల లోపమూ తక్కువ. మంట బాధ లేనివారికి ఇది మంచి ఆపరేషన్.

కానీ దీనిలో ఫండస్ పోతుంది. ఏటవాలు కండరపు పోగులు కోతలో తెగుతాయి. మిగిలిన గొట్టం సాగదు, కింద పేగులోకి తెరుచుకునే కవాటం యథాతథంగా ఉంది, ఆమ్లం ఊరించే కణాలు కొన్ని లోపలే ఉన్నాయి. నాలుగు ముద్దలకే ఒత్తిడి పెరిగి, ఆమ్లం తేలికైన దారిన పైకి వస్తుంది. అంటే ఇక్కడా హిస్ కోణం చెదిరింది, కానీ ఆమ్లమూ ఒత్తిడీ అలాగే మిగిలాయి.

స్విట్జర్లాండ్‌లో 217 మందిని రెండు గుంపులుగా చేసి అయిదేళ్లు గమనించిన ప్రయోగం 2018లో వచ్చింది. బరువు తగ్గడంలో రెంటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ముందే రిఫ్లక్స్ ఉన్నవారిలో అది పూర్తిగా పోయింది బైపాస్ తర్వాత 60.4 శాతం మందికి, స్లీవ్ తర్వాత 25 శాతానికి. ఎక్కువైంది బైపాస్ వారిలో 6.3 శాతానికి, స్లీవ్ వారిలో 31.8 శాతానికి. ఫిన్లాండ్‌లో 240 మందితో మొదలైన ప్రయోగం పదేళ్ల ఫలితాలు 2022లో ప్రకటించింది. ఎండోస్కోపీలో అన్నవాహిక ఒరుసుకుపోయి కనిపించింది స్లీవ్ వారిలో 31 శాతానికి, బైపాస్ వారిలో 7 శాతానికి. క్యాన్సర్‌కు దారితీయగల బారెట్ మార్పు మాత్రం రెండు గుంపుల్లోనూ 4 శాతమే ఉంది, భయపడిపోయేంత లేదు. స్లీవ్ తర్వాత మంట భరించలేని వారికి చివరికి చేసేదీ ఈ బైపాసే.

బరువు తగ్గించే మందుల దగ్గర కూడా ఇలాంటి జాగ్రత్తే కావాలి. ఇప్పుడు బాగా వినిపిస్తున్న సెమాగ్లుటైడ్ వంటి ఇంజెక్షన్లు జీర్ణాశయం ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తాయి. బరువు తగ్గడం వల్ల మంటకు మేలు జరిగే అవకాశం ఒకపక్క ఉంటే, మోతాదు పెంచే రోజుల్లో తేన్పులు, మంట రావడం ఇంకోపక్క ఉంది.

చెల్లించాల్సిన మూల్యం

ఇంత మెచ్చుకున్నాక బైపాస్ మోపే భారం కూడా చెప్పాలి. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వేసుకోవాలి. తీపి ఎక్కువగా తింటే ఒక్కసారిగా పేగులో పడి చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం రావచ్చు. వదిలేసిన జీర్ణాశయంలోకీ, పైత్యనాళం దాకానూ మామూలు ఎండోస్కోపీ గొట్టం పోలేదు. అతుకు దగ్గర పుండు పడటానికి పెద్ద కారణాలు సిగరెట్, నొప్పి మాత్రలు. మోకాళ్ల నొప్పులకు చీటీ లేకుండా డైక్లోఫెనాక్ కొని వేసుకునే అలవాటు మన ఊళ్లలో ఎక్కువ కాబట్టి ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ ఆ మాత్రల పేర్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

ఎవరికి చేయాలన్న గీతా మనకు వేరు. మన శరీరాల్లో కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది, తక్కువ బీఎంఐకే జబ్బులు మొదలవుతాయి. అందుకే 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాలు ఆసియా వాసుల్లో 25నే ఊబకాయంగా లెక్కించి, 27.5 నుంచి ఆపరేషన్‌ను ఒక ఎంపికగా చూపాలన్నాయి. చూపాలన్నారు గానీ అందరికీ చేసేయమనలేదు.

మంట బాధ ఉండి బరువు ఆపరేషన్‌కు వెళుతున్నవాళ్లు డాక్టరు గారిని మూడు విషయాలు అడగాలి. ఆపరేషన్‌కు ముందు ఎండోస్కోపీ చేసి అన్నవాహికనూ, హెర్నియానూ చూస్తారా? నాకు స్లీవ్ అంటున్నారా, బైపాస్ అంటున్నారా, నా మంటను లెక్కలోకి తీసుకునే అంటున్నారా? బైపాస్ అయితే ఆ పొర సందులు కుడతారా? ఈ ప్రశ్నలకు ఓపిగ్గా, బొమ్మ గీసి మరీ జవాబు చెప్పే సర్జన్ దగ్గర పనితనం ఉన్నట్టే లెక్క. ఎందుకంటే బైపాస్‌లో ఏ అవయవాన్నీ తీసి పారేయలేదు. జీర్ణాశయం ఉంది, ఆమ్లం ఉంది, పైత్యం ఉంది. ఒక్కోదానికి దాని దారి చూపించారు. ఆ దారి సెంటీమీటరు అటూ ఇటూ అయితే ఏమవుతుందో తెలిసిన మనిషే దాన్ని రోగికి అర్థమయ్యేలా చెప్పగలడు.